బెంగుళూరు హోటళ్లు – మన యింటి పొయ్యి



మొన్నటి ఉగాదికి హిందూపురమున మా అక్కగారి యింట జరిగిన యొక వాదమును మీతో ముచ్చటింపవలెనని తోచి, యీ మాసమునకు దానినే విషయముగా గైకొంటిని. వాదమునకు మూలము బెంగుళూరు దోసె. మా అక్క కూతురు ఆ నగరమున నొక కంప్యూటరు కంపెనీలో నుద్యోగము చేయుచున్నది. పండుగకు వచ్చిన ఆ పిల్ల ఓళిగలు తిని చేయి కడుగుకొనుచు, "ఎంతైనా తిండి యంటే బెంగుళూరే, చిన్నమ్మా! ఈ ఊళ్లో సాయంత్రం బయటికి పోయి తినాలంటే ఏముంది?" అన్నది.

మా బావగారికి రోషము వచ్చినది. "మీ బెంగుళూరు హోటళ్లంతా ఉత్త డంబమమ్మా. గంటసేపు వరుసలో నిలబడేది, నాలుగు మెతుకులకు నాలుగు నూర్లు ఇచ్చేది. అందులో సగం దుడ్లు పేరుకే. మన యింటి వంట ముందర అవి ఏపాటివి?" అనిరి.

తండ్రీ కూతుళ్లు అరగంట వాదించిరి. పిల్ల పది హోటళ్ల పేర్లు చెప్పినది. తండ్రి పదింటిని కొట్టివేసెను. నేను ఇరువురి మాటలు విని నవ్వుచు గూర్చుంటిని. వంటయింటిలోనుండి మాత్రము మాట వినరాలేదు. మా అక్క అప్పటికింకను పెనము దగ్గఱనే యుండెను. ఆనాడు ఆమె చేసినవి నలుబదియారు ఓళిగలు. అందులో ఆమె నోటబెట్టినది అప్పటికి ఒకటియు లేదు.

మూడు గంటలు దాటిన తరువాత పెరటి యరుగుమీద చల్లారిన చిత్రాన్నము తినుచు ఆమె నన్నడిగినది: "ఆ హోటళ్లలో మనం కూర్చునింటే వేడివేడిది తెచ్చి ముందర పెడతారు కదా?"

"పెడతారక్కా."

"తిన్నంక ఆకు మనం ఎత్తే పని లేదు కదా?"

"లేదు."

"అట్లయితే అవి డంబమో కాదో చెప్పేదానికి మీ బావకేం తెలుసు?" అన్నది.

ఈ మాట నన్ను వదలలేదు. హోటలు మంచిదా చెడ్డదా యని తూచునప్పుడు మగవారు ఒక పళ్లెమున హోటలు దోసెను, రెండవ పళ్లెమున ఇంటి దోసెను ఉంచెదరు. ఇంటి దోసె వెనుక నిలిచినదానిని ఏ పళ్లెమునను ఉంచరు. కావున ఈ తూనికను మనమే మఱియొకసారి తూయుద మనుకొని, పండుగ వెళ్లిన పదియవ దినమున నేను పెనుకొండనుండి బయలుదేరి, హిందూపురమున మా అక్కను వెంటబెట్టుకొని రైలెక్కితిని.

మన మూడూళ్లవారికి బెంగుళూరు పరాయి యూరు కాదు. హిందూపురమునకు అది దాదాపు నూఱు కిలోమీటరులు. మన రాష్ట్రపు రాజధాని ఐదింతల దూరమున నున్నది. అనంతపురము జిల్లాలో నున్నప్పుడును, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన తరువాతను, ఆసుపత్రియన్నను, పెండ్లి బట్టలన్నను, పిల్లల యుద్యోగమన్నను మన కాళ్లు దక్షిణమునకే నడచును. అయినను మా అక్క ఆ నగరమునకు ఇరువదిసార్లు పోయి, ప్రతిసారియు ఇంటినుండి పులిహోర మూట కట్టుకొని పోయి రైలు దిగకముందే తిన్నదేకాని, హోటలు మెట్టెక్కినది లేదు.

మొదట గాంధీబజారులోని విద్యార్థి భవనమునకు పోతిమి. ఇది 1943లో, పేరున కనుగుణముగా, చుట్టుపట్ల చదువుకొను పిల్లల కొఱకు పుట్టిన చిన్న ఫలహారశాల. అరగంట వేచితిమి. లోపల కూర్చున్న తరువాత వడ్డించువాడు ఒక చేతిమీద మోచేతివఱకు దోసె పళ్లెములు దొంతరగా పేర్చుకొని వచ్చుట చూచి మా అక్క నోరు తెఱచినది. దోసె మందముగా, పైన ఎఱ్ఱగా కరకరలాడుచు, లోపల మెత్తగా నుండెను. ఆమె మొదటి తునుక నోట నుంచుకొని కొంతసేపు మాటాడలేదు. ముప్పదియైదేండ్లుగా ఇతరులకు దోసెలు పోయుచున్న మనిషి. తీర్పు తేలికగా చెప్పదు. "ఇది ఇంట్లో రాదు" అన్నది కడకు.

ఎందుకు రాదో ఆమెయే వివరించినది. అక్కడి పెనము మన పెనమువంటిది కాదు; దళసరి యినుప పలక. ఉదయము కాగినది మూయువఱకు చల్లారదు. ఒక్కసారి పది పండ్రెండు దోసెలు దానిమీద పడినను వేడి తగ్గదు. మన పలుచని పెనము మూడవ దోసెకే వేడెక్కి అంటుకొనును. నీళ్లు చిలికి తుడిచి మఱల మొదలుపెట్టవలెను. అక్కడ పోయువాడు పోయుటయే చేయును, రుబ్బువాడు రుబ్బుటయే చేయును. మన యింట పోయునదే చట్నీ రుబ్బవలెను, పాలు పొంగకుండ చూడవలెను, తలుపు తట్టినవానికి బదులు చెప్పవలెను. దినమునకు వందలకొలది దోసెలు చెల్లుచోట పిండి నిలువ యుండదు. ఇది రుచికి సంబంధించిన రహస్యము కాదు. పని పంచుకొనుటలోని ఫలము. ఈ యంశమున మా బావగారు ఓడిపోయిరని తీర్పు వ్రాయుచున్నాను.

లాల్‌బాగు తోట ప్రక్కనున్న మావళ్లి టిఫిన్ రూమ్సు కూడ ఇట్టిదే. ఉడుపి ప్రాంతమునుండి వచ్చిన మయ్యా సోదరులు 1924లో బ్రాహ్మణ కాఫీ క్లబ్బను పేర దానిని స్థాపించిరి. ఇప్పటి పేరు 1960లో వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బియ్యము కఱవైనప్పుడు రవ్వతో ఇడ్లీ చేయుట తామే మొదలుపెట్టితిమని వారు చెప్పుకొందురు. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చి ధరలు తగ్గింపవలసినప్పుడు నష్టమునకు తాళలేక కొంతకాలము హోటలు మూసి, పొడులు, కలిపిన పిండ్లు పొట్లములుగా అమ్మసాగిరి. నేడు మన వంటయిండ్ల అరలలో నున్న ఆ పొట్లములకు అది పుట్టుక. ఇట్టి ప్రాతయిండ్లు కొన్నింటి కీర్తి యూరక వచ్చినది కాదు. నాలుగైదు వస్తువులు మాత్రమే చేసి, వానినే ఏండ్ల తరబడి అదే తీరున చేసినందున వచ్చినది.

సాయంకాలము మా అక్క కూతురు తన కిష్టమైన క్రొత్త హోటలునకు మమ్ము తీసికొని పోయినది. దాని పేరు వ్రాయను. వీధి చివరవఱకు జనము. యువతీయువకులు పళ్లెము చేతికి వచ్చినవెంటనే తినక, చేతి ఫోనులతో దానికి బొమ్మలు తీయుచుండిరి. కూర్చుండుటకు పీట లేదు. ఎత్తైన బల్లలమీద పళ్లెముంచుకొని నిలువబడి తినవలెను. మా అక్కకు మోకాళ్ల నొప్పి. ఇరువది నిమిషములు వరుసలో నిలిచి, మఱి పది నిమిషములు బల్ల ఖాళీ యగుటకు నిలిచి, తుదకు గోడ కానుకొని తిన్నది. ఇడ్లీమీద పోసిన నెయ్యి పళ్లెము నిండ పారుచుండెను. "ఎట్లుందమ్మా?" అని కూతురడుగగా, "నెయ్యి బాగుంది" అన్నది. పిల్ల ముఖము చిన్నబోయినది.

నిలువబడి తిను పద్ధతి తనంతట చెడ్డది కాదు. 1980 దశకమునుండి బెంగుళూరులో దర్శిని యను పేర వ్యాపించిన చిన్న ఫలహారశాలలు ఆ పద్ధతిని తెచ్చినవి. బల్లలు కుర్చీలు లేవు, వడ్డించువారు లేరు, చీటీ కొని తామే తెచ్చుకొందురు. అందువలన స్థలపు అద్దె తగ్గును, జీతములు తగ్గును, ఆ తగ్గినది తినువాని కడుపునకు చౌకగా చేరును. ఆఫీసులకు పరుగెత్తు పేద గుమాస్తాకు అదొక యుపకారము. ఇప్పుడు కొన్నిచోట్ల నిలువబడుట మిగిలినది, చౌక పోయినది. జనము నిలిచియున్నందున జనము చేరుచున్నారు. బొమ్మలు చూచి మఱికొందఱు వచ్చుచున్నారు. ఇక్కడ మా బావగారి మాట నెగ్గినదని వ్రాయవలసినదే.

మఱునాడు పిల్ల యొక విశేషము చెప్పినది. ఆమె స్నేహితురాండ్రు "మీ ఆంధ్రా తిండి" యని పొగడుచు అరిటాకు భోజనమునకు పిలుచుకొని పోవుదురట. రెసిడెన్సీ రోడ్డులో 1984లో వెలసిన నాగార్జున మొదలుకొని అట్టి భోజనశాలలు ఆ నగరమున పెక్కు గలవు. పప్పు, పొడి, నెయ్యి, గోంగూర, మంటపుట్టించు కోడికూర. బాగుగనే యుండును. "కాని చిన్నమ్మా, అది మన తిండి కాదని చెప్తే వాళ్లకు అర్థం కాదు" అన్నది. నిజమే. రాగి సంగటి, వేరుసెనగ ఊరుబిండి, పుల్లగూర, బొరుగుల ఉగ్గాని, దానితో మిరపకాయ బజ్జీ – ఇవి మనవి. సంగటిని పోలిన ముద్దను కన్నడమువారి భోజనశాలలలో వడ్డింతురు; వారిది ఎక్కువగ వట్టి పిండితో నగును, మనము నూకలు ఉడికించి అందులో పిండి వేసి కెలుకుదుము. ఈ స్వల్పభేదమునే మా అక్క పావుగంట వర్ణించినది. నగరపు భోజనశాలలలో మన పేర నున్నది మనది కాదు. మనకు దగ్గఱది వేఱొకరి పేర నున్నది. ఇది నగరమువారి తప్పని యనజాలను. మన పల్లె వంట ఇంటి గడప దాటి అంగడికి రాలేదు. గడప దాటింపవలసిన చేతులకు తీరిక లేదు.

ఇంకొక వింత. ఆ వీధిలోనే హోళిగె మనె యను బోర్డు చూచితిమి. మనె యనగా ఇల్లు. లోపల పెద్ద పెనములమీద ఓళిగలు కాలుచుండెను. బేడలవి, కొబ్బరివి, ఇంకను మనము కలలో నెఱుగనివి. మా అక్క కొట్టు గుమ్మముకడ నిలిచి ధర అడిగినది. ఒక్కొక్కటి ముప్పది రూపాయలు. ఆమె వ్రేళ్లు మడచి లెక్కవేసి, "ఉగాదినాడు నేను చేసినవాటికి 1,380 రూపాయలా?" యని పకపక నవ్వినది. తరువాత రైలులో హిందూపురము చేరువఱకు నవ్వలేదు. బెల్లమునకు, చింతపండునకు మన హిందూపురపు మార్కెట్టు పేరుపడినది. ఆ బెల్లమునకు ధర యున్నది, బేడలకు ధర యున్నది, కట్టెలకు గ్యాసునకు ధర యున్నది. ఒత్తిన చేతికి మాత్రము ఇంటిలో లేని ధర అంగడిలో నున్నది.

భారత ప్రభుత్వమువారు 2019లో జనులు దినములో ఏ పనికి ఎంత కాలము వెచ్చింతురో లెక్కలు తీసిరి. జీతము లేని ఇంటిపని చేయు స్త్రీలు అందుకై దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు గడపుచున్నారని తేలినది. 2024లో మఱల లెక్కింపగా స్త్రీలకు 289, పురుషులకు 88. ఐదేండ్లలో మనకు పది నిమిషములు మిగిలినవి. వారికిని తొమ్మిది మిగిలినవి. హోటలు రుచిని గూర్చి వాదించువారు ఈ సంఖ్యలను ప్రక్కన నుంచుకొని వాదింపవలెనని నా మనవి.

హోటలనునది మనకు క్రొత్తది కాదు. ఓరుగల్లు పూటకూటి యింటి ప్రసక్తి క్రీడాభిరామమున గలదు. కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ నెఱుగనివారెవరు? దిక్కులేని వితంతువు నలుగురికి వండిపెట్టి తన పొట్ట పోసికొను వృత్తి యది. దానికి కూలి యుండెను గాని గౌరవము లేదు. ఆ పూటకూలే బోర్డు కట్టి, బల్లలు వేసి, హోటలైన పిమ్మట పెనము మగవాని చేతికి పోయినది. నగరపు పెద్ద హోటళ్ల వంటయిండ్లలో నేడు తఱచుగా మగవారే. స్త్రీ వండినప్పుడు అది ధర్మము. పురుషుడు వండినప్పుడు అది పేరుప్రఖ్యాతులు. ఈ సంగతిని మా బావగారితో అంటిని. వారు పత్రిక తిరగవేసిరి.

మఱి తినువారిగా మనకు చోటెప్పుడు దొరకినది? మా చిన్నతనమున హోటలులో స్త్రీలకు ఫ్యామిలీ రూమను తెర కట్టిన అర యుండెడిది. దీపము గుడ్డిది, పంకా తిరుగదు, వడ్డించువాడు తెరవెనుక మనలను మఱచిపోవును. అంతకుముందు కాలమున కులమును బట్టి వేఱు బంతులును ఉండెను. హోటళ్లలోనికి ప్రవేశమున మత, జాతి, కుల, లింగ, జన్మస్థాన భేదముల వలన నెవరిని అడ్డగింపరాదని 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగపు పదునైదవ అధికరణము చెప్పుచున్నది. చట్టము తలుపు తెఱచినది. మా అక్క ఆ తలుపు దాటుటకు ఏబదియెనిమిదేండ్ల వయసు పట్టినది, ఎవరు అడ్డగించిరి? ఎవరును లేరు. పోదమని ఎవరును అడుగలేదు, అంతే.

మా పెనుకొండ సంగతి చెప్పక మానరాదు. 1565లో తల్లికోట యుద్ధానంతరము విజయనగర రాజులకు రాజధానియైన ఈ ఊరి ప్రక్క, ఎఱ్ఱమంచి కడ, 2019లో కొరియా దేశపు కార్ల కర్మాగారము పని ప్రారంభించినది. ఆ దేశస్థుల కొఱకు కొరియా వంటల భోజనశాలలును ఈ ప్రాంతమున వెలసినవి. కిమ్చి యను వారి క్యాబేజీ ఊరగాయ చూచి మా యింటి ప్రక్క ముసలమ్మ "పాచిపోయిన గోగాకులాగుంది" అన్నది. నేను తినిచూచితిని, కారము మన పాలిదే. శీతకాలమునకు ముందు ఇరుగుపొరుగు స్త్రీలు గూడి కిమ్చి పెట్టుకొను కిమ్జాంగను ఆచారమును 2013లో యునెస్కోవారు మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చిరట. మన యావకాయ దినములు జ్ఞప్తికి వచ్చుట లేదా?

ధర్మవరమున మా వదినగారి యింట తీరు వేఱు. వారిది పట్టుచీరల మగ్గము. నేయువాడు మగ్గములో కూర్చుండగా, పట్టు తోడుట, కండెలు చుట్టుట ఇంటి యాడువారి పని. తెల్లవారినది మొదలు చేతులు రాట్నముమీద నుండగా దోసెకు పిండి యెవరు రుబ్బుదురు? వీధి మూలలో నొక తల్లి బండి పెట్టి దోసెలు, ఇడ్లీలు అమ్మును. మా వదిన పిల్లవాని చేతికి గిన్నె యిచ్చి పంపును. "ఆమె పొయ్యి వెలిగిస్తేనే మా మగ్గం ఆడేది" అన్నది. ఆ దోసెలకు వరుసలో నెవరును గంటసేపు నిలువరు, బొమ్మలు తీయరు. కాని ఆ వీధిలోని ఆడువారికి గాంధీబజారు దోసెకంటె అది విలువైనది. నేను ఆ తల్లిని "మీరేమి తింటారమ్మా?" యని యడిగితిని. "మిగిలితే దోసె, లేకుంటే రాత్రి సంగటి" అన్నది. ఆ సంగటి ఎవరు కెలుకుదురో అడుగ నక్కఱ లేకపోయినది.

బెంగుళూరు హోటళ్ల గొప్పలో సగము నిజము, సగము జనసమ్మర్దము చేసిన శబ్దము. రుచికొఱకే యైతే నేను మా అక్క చేతి సంగటి విడిచి అక్కడికి పోను. కాని సంవత్సరమునకు నాలుగుసార్లైనను ఆమె కూర్చుండగా నొకరు వేడిగా తెచ్చి పెట్టుదురన్నచో, వరుసలో నామె బదులు నేను నిలువబడుదును. మా బావగారికి ఈ మాటనే చెప్పితిని. "ఇంటి వంటకు సాటిలేదంటిరి గదా, ఆ ఇంటివంట ఒకనాడు మీరే చేసి వాదము నిలబెట్టుకొనుడు" అంటిని. పిల్ల చప్పట్లు చఱచినది. తప్పించుకొన వీలులేక ఒప్పుకొనిరి.

మొన్నటి ఆదివారము నేనును పోయితిని. నూకలు ఉడుకుచుండగా బావగారు రాగిపిండి ఒక్కసారిగా గ్రుమ్మరించిరి. సంగటి కట్టెను రెండు చేతులతో పట్టుకొని, గిన్నెను పాదములతో అదిమి, కెలుకలేక చెమటలు కార్చిరి. "దినమూ ఇదేనా?" యని యడిగిరి. మా అక్క పీటమీద కూర్చుండి, కాళ్లు చాపుకొని, "దినమూ ఇదే" అన్నది. ముద్దలు చేసి, ఆకు వేసి, మొదట ఆమెకే వడ్డించిరి. సంగటిలో నక్కడక్కడ పిండి యుండలు తగులుచుండెను. ఆమె వానిని వ్రేలితో ప్రక్కకు తీసి, ఏమియు ననక, రెండవ ముద్ద వేయించుకొన్నది.